ఊరికొక్క సీటు

మా వీధి చివరి చాయ్ హోటలాయన ఇప్పటికీ రాక్షసి బొగ్గుతోనే పొయ్యి రాజేస్తాడు. ఆ పొగ ముక్కుకు తగిలితే చాలు, మా బెల్లంపల్లిలో అప్పటి గని కార్మికుల ఇళ్ల లైన్లు, ఇంటింటి ముందు పొద్దున్నే లేచే నల్లటి పొగ, ఉతికి ఆరేసిన చీరల మీద వాలే నుసి, షిఫ్టు మారేటప్పుడు ఊరంతా వినిపించే సైరన్ కూత, అన్నీ ఒక్కసారే కండ్ల ముందుకొస్తాయి. ఎండకాలం అడవి నుంచి తునికి పండ్లు గంపల్లో వచ్చేవి. వానకాలం ఇంటి ముందు బొగ్గు పొయ్యి మీద మక్కకంకులు కాల్చుకుని, నోరంతా నల్లగా చేసుకుని, చూరు కింద కూర్చుని గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. బతుకమ్మ పండుగకు ఆమె తంగేడు పూలకోసం అడవి అంచుదాకా పోయి వచ్చి, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేది.

బాపు గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. అన్నకింకా ఏ పనీ దొరకలేదు. పని దిగి వస్తే కండ్లు, పండ్లు తప్ప ఒళ్లంతా నలుపే. బండ మీద కూర్చుంటే నేను చెంబుతో వేడినీళ్లు పోసి వీపు రుద్దుతూ, ఆనాడు బడిలో చెప్పిన పాఠం అప్పజెప్పేదాన్ని. నురగ కండ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా వినేవాడు. "ఇంకోసారి సదువు బిడ్డా" అనేవాడు. మా రాజీ పంతులమ్మ అయితదని పక్కింటోళ్లకు చెప్పుకునేవాడు.

నా జతగత్తె సులోచన గని ఆఫీసు హెడ్ గుమాస్తా బిడ్డ. లెక్కలంటే దానికి ఏడుపు. రెండేండ్లు వాళ్ల అరుగు మీద కూర్చుని నేనే దానికి లెక్కలు నేర్పాను. వాళ్లమ్మ ఉప్మా పెట్టేది. తిన్నాక నా పళ్లెం నేనే కడిగి గోడకానించి వచ్చేదాన్ని. అప్పుడు అదేమీ తప్పనిపించలేదు.

ఏడో తరగతి పరీక్షలో నేను బడికే ఫస్టు వచ్చాను. సులోచన ఎట్లాగో గట్టెక్కింది. ఆ ఏడు వరంగల్లులో పంతులమ్మల ట్రైనింగుకు మా ఊరి నుంచి ఒక్క ఆడపిల్లనే తీసుకుంటారన్నారు. దరఖాస్తు మీద ఎవరైనా పెద్దమనిషి సంతకం కావాలి. మాకు తెలిసిన పెద్దమనిషి సులోచన నాన్న ఒక్కడే. బాపు ఉతికిన ధోతి కట్టుకుని, నా కాయితం మడతపడకుండా రెండు చేతులతో పట్టుకుని పోయాడు.

వచ్చి, "ఇచ్చి వచ్చిన బిడ్డా" అన్నాడు.

పోస్టుమాన్ మా లైనులోకి వచ్చినప్పుడల్లా ఎదురుగా పోయి నిలబడేదాన్ని. వానలు ముదిరిన ఒకనాడు సులోచన ఇంటి ముందు టాంగా ఆగింది. కొత్త ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు ఎక్కిస్తున్నారు.

"నాదేమైందే?" అన్నాను.

సులోచన నేల చూసింది. "నీ దరఖాస్తు పంపనే లేదు రాజీ. మీ బాపే వద్దన్నడట. నాన్న చెప్పిండు."

ఆ సాయంత్రం నీళ్లు పోస్తూ బాపును అడిగాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"నీ కాయితం ఆపితే మీ అన్నను గనిల పెట్టిస్తనన్నడు గుమాస్తా. నువ్వు రేపు ఇంకో ఇంటికి పోయేదానివి. వాడు మాతోని ఉంటడు."

"మరి ఇచ్చి వచ్చినన్నవు గద బాపు?"

నేను చెంబు బండ మీద పెట్టి లోపలికి పోయాను. ఆనాటి నుంచి బాపుకు అవ్వే నీళ్లు పోసింది.

అన్నకు చీకటంటే భయం. అయినా ముప్పై ఏండ్లు గనిలోకి దిగాడు. ఒకనాడు అన్నం తింటూ తింటూ ఆగి, "నీ నోటి కాడి బుక్కనే నేను తింటున్న రాజీ" అన్నాడు. నేను బీడీలు చుట్టాను. గని కార్మికుడినే చేసుకున్నాను. నా ఇద్దరు కొడుకులూ గనిలోకే పోయారు. సులోచన కొడుకు ఇంజినీరయ్యాడు. గుమాస్తా మీద నా కోపం ఎప్పుడో చల్లారింది, ఆయన తన బిడ్డ కోసం చేసుకున్నాడు. బాపు మీదిది మాత్రం ఆయన పోయాక కూడా తగ్గలేదు.

ఇప్పుడు ఆ గని మూతపడింది. లైన్లు కూలగొట్టారు, తుమ్మలు మొలిచాయి. బడి ఒక్కటే మిగిలింది. మొన్న మునిమనవరాలిని చేర్పించడానికి పోతే, గోడ మీది హెడ్మాస్టర్ల పేర్లలో సులోచన పేరు కనిపించింది. అక్కడి చిన్న టీచరమ్మ కాయితం మీద వేలు పెట్టే చోటు చూపించి, ఇంకు డబ్బా నా ముందుకు జరిపింది. పెన్ను అడిగి పేరంతా రాశాను.

"మంచిగ రాసినవ్ అవ్వా. ఏం సదివినవ్?" అంది.

"ఏడో తరగతి. ఈ బడికే ఫస్టు వచ్చిన."

ఆమె నవ్వి, వరుసలో నా వెనక నిలబడ్డవాళ్లను పిలిచింది.