ఐదో నెల కూపన్

పెండ్లి కాకముందే నాకు ఐదో నెల పడ్డది. అవును, నాకే. మొగోణ్ని, మీసాలున్నయ్, అబుదాబి దగ్గర ముసఫాల ఏసీ మెకానిక్‌ని. నవ్వుడు జర ఆపుకోండ్రి, నేను ఆగమైన ముచ్చట ఇంక మొదలే పెట్టలే.

కరోనా పోయీ పోనట్టున్న రోజులవి. జగిత్యాల దిక్కు మావోళ్లు సంబంధం చూసిన్రు. పిల్ల పేరు లావణ్య. నేను ఊరికి పోయే దారి లేదు, కాబట్టి పెండ్లిచూపులు వీడియో కాల్‌లనే. నా మొకమేమో మిద్దెల మీద ఎండల ఏసీలు బిగించి బిగించి మాడిన రొట్టె లెక్క అయ్యింది. ముక్కు మీద పొట్టు లేస్తున్నది. వారం దినాల్ల అది నున్నగ కావాలె.

మందుల దుకాణంల క్రీముల ధరలు చూస్తే ఉన్న పొట్టు కూడ ఊడింది. కానీ ఆ దుకాణం యాప్‌ల చిన్నపిల్లల లోషన్‌కు సగం ధర కూపన్ కనవడ్డది. ఒత్తితే, "ఇది తల్లుల క్లబ్బు. మీరు కాబోయే తల్లేనా?" అని అడిగింది.

మా రూముల ఉండే మల్లేశన్న పై మంచం మీదికెళ్లి తొంగి చూసిండు. "శీనూ, కండిషన్లు చదువురా. ఊకె ఒత్తకు."

"చదివిన గదనే."

"ఎప్పుడు చదివినవ్? ఇప్పుడే గదరా తెరిచినవ్!"

"కూపన్‌కేం తెలుస్తదన్నా, నేను ఆడో మొగో!"

"అవును" అని ఒత్తిన. డెలివరీ ఎప్పుడని అడిగింది. డెలివరీ దాక నెలకొక కూపన్ వస్తదని రాసున్నది. ఇగ నా తెలివి చూడుండ్రి, అది చూపెట్టిన తారీఖులల్ల అన్నిటికంటె దూరమున్నది పెట్టిన.

దుకాణంకు పోతే కౌంటర్‌ల ఉన్న కేరళ అమ్మాయి హిందీల చెప్పింది. "ఒక్క లోషన్‌కు కూపన్ నడువదు భాయ్. రెండు తీస్కోవాలె. దాంతోని డైపర్ల ప్యాకెట్ కూడ తీస్కోవాలె."

"డైపర్లు నాకెందుకు?"

"బిడ్డకు. భాభీకి ముబారక్ చెప్పుండ్రి."

"చెప్త," అని మూడూ మోసుకొచ్చిన.

వీడియో కాల్‌ల నా మొకం నూనె రాసిన వంకాయ లెక్క మెరిసింది. లావణ్య సిగ్గుపడుకుంట నవ్వింది. నాకు ఆ నవ్వు మస్తు నచ్చింది, పానం ఆడనే పోయింది. అక్కడితోని కూపన్లు ఆపొచ్చు గదా? ఆపలే. సగం ధరకు అలవాటు వడ్డోడు ఆగుతడా? ఐదో నెల వచ్చేసరికి మంచం కింద లోషన్ సీసాలు వరుసగ నిలవడ్డయ్. డైపర్లను మల్లేశన్న వాడుకున్నడు. నలుగురు ఏసీ మెకానిక్‌లుండే రూముల ఏసీ కారుతుంటది, దాన్ని మాత్రం ఎవ్వలం బాగుచెయ్యం. దానికి కింద డైపర్ కడితే చుక్క నీళ్లు పడవు, కావాలంటె మీరు కూడ చూడుండ్రి.

గప్పుడే ఒక శుక్రవారం లావణ్య అన్న రాజేందర్ వచ్చిండు. దుబాయ్‌ల డేరా అనే బజార్ల బట్టల దుకాణంల పనిచేస్తడు. గల్ఫ్‌ల ఉన్న పిల్లగాడు ఇక్కడ ఇంకో సంసారం పెట్టిండో ఏమోనని వాళ్లమ్మకు ఒకటే భయం. అది అర్సుకోనీకే ఆయన వచ్చిండు. ఆయన ఊ అంటెనే పెండ్లి, లేకుంటె ఖలాస్.

"కూసో బావా," అన్న. పెండ్లి కాకముందే బావా అనుడు నా ఆత్రం.

ఆయన పైకి చూసిండు. "ఏసీకి డైపర్ ఎందుకు కట్టిన్రు?"

"కారుతది బావా."

"డైపర్ యాడికెళ్లి వచ్చింది?"

"ఆఫర్‌ల."

ఆయన మంచం కిందికి వంగి చూసిండు. లోషన్లు, డైపర్లు, అన్నీ చూసిండు. నేను ఆయన కోసమని వంటకు దిగిన. చికెన్‌కు మసాలా పట్టిస్తుంటె నా ఫోన్ మోగింది. "చేతులు మంచిగ లేవు బావా, జర స్పీకర్ వెట్టు," అన్న.

పెట్టిండు.

"తల్లుల క్లబ్బు నుంచి మాట్లాడుతున్న," అని ఒకామె హిందీల మొదలువెట్టింది. "ఐదో నెల పడ్డది గదా, కాళ్ల వాపులేమన్న ఉన్నయా? కడుపుల బిడ్డ కదులుతున్నదా?"

రాజేందర్ ఫోన్ కట్ చేసిండు. "ఎవలికిరా ఐదో నెల?"

"నాకే బావా."

మల్లేశన్న చేతుల గిన్నె కింద వడ్డది.

"మా చెల్లె గొంతు కోద్దామనుకున్నవారా? ఆ ఆడిమనిషి యాడున్నది? పిలువు!"

"ఆడిమనిషి లేదు బావా! ఆమెనే నేను!"

మసాలా చేతులతోనే యాప్ తెరిచి చూపెట్టిన. పేరు శ్రీనివాస్. కాబోయే తల్లి. మొదటి కాన్పు. ఆయన ఒకసారి చదివిండు, మళ్లొకసారి చదివిండు. తర్వాత కడుపు వట్టుకొని నేల మీద కూలవడి నవ్విండు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నిజంగనే ఏడ్చిన. లావణ్య చెయ్యి జారిపోతదని గంత భయమైంది.

ఆయన కండ్లు తుడుసుకొని ఇంటికి ఫోన్ చేసిండు. "అమ్మా, పిల్లగాడు మంచోడే. జర తిక్కోడు, గంతే." పోయేటప్పుడు రెండు లోషన్లు సంచిల ఏసుకున్నడు. "మా చెల్లెకు చెప్పను పో," అని మాటిచ్చిండు.

ఆ దినమే యాప్‌ను ఫోన్లకెళ్లి తీసేసిన. దుకాణం కంప్యూటర్లకెళ్లి కూడ పోయిందనుకున్న నా తెలివికి దండం.

పెండ్లయింది. లావణ్య ఇక్కడికి వచ్చింది. మొన్నమొన్న మాకు బిడ్డ పుట్టింది. మొదటి కాన్పుకు ఉయ్యాల ఫ్రీ అని అదే దుకాణంల బోర్డు చూసి లావణ్య ఆశపడ్డది. బిడ్డనెత్తుకొని ముగ్గురం పోయినం. కౌంటర్‌ల ఈసారి మన దిక్కాయనే, నా నంబర్ కొట్టి తల అడ్డంగ ఊపిండు.

"ఉయ్యాల మొదటి బిడ్డకేనండి. మీకిది రెండోది గదా. పెద్దబాబుకు మూడేండ్లు నిండినయ్, పండ్లు తోముకునే బ్రష్ కూపనున్నది. ఇయ్యాల్నా?"

లావణ్య నా దిక్కు తిరిగింది. "పెద్దబాబా?"

నేను రాజేందర్‌కు ఫోన్ చేసి స్పీకర్ వెట్టిన. "బావా, నీ కాళ్లు మొక్కుత, ఆ ముచ్చట నువ్వే చెప్పు!"

"ఏ ముచ్చట? నాకేం తెల్వదు. చెప్పనని మాటిచ్చిన గదా," అని నవ్వుకుంట పెట్టేసిండు.

కౌంటరాయన నా మొకం చూసి జాలివడి స్క్రీన్ మా దిక్కు తిప్పిండు. దుకాణమంత వినేటట్టు లావణ్య చదివింది: "తల్లి పేరు... శ్రీనివాస్."

నన్ను కిందికి మీదికి చూసింది. తర్వాత కౌంటర్ దిక్కు తిరిగింది. "ఉయ్యాల లేకుంటె లేకపాయె. ఆ బ్రష్ ఇయ్యుండ్రి. మా ఆయన గంత కష్టపడి కన్నడు, పెద్దోనికి పండ్లు పుచ్చిపోవద్దు."

ఆ చిన్న బ్రష్ ఇప్పటికీ మా బాత్రూమ్‌ల నా బ్రష్ పక్కనే ఉన్నది. అందుకే మీ అందరి ముంగట ఒట్టేసి చెప్తున్న: కండిషన్లు చదువకుంట ఇగ ఏ కూపన్ ముట్టను. ఈ జన్మల మళ్ల కడుపుతోని ఉండను.