పురుగు తిన్నంత ఖాళీ

మా లెక్కల మాస్టారు పోయారు. గజపతినగరం నుంచి వాళ్లావిడ పొద్దున్నే ఫోన్ చేసి, "మాస్టారు ఎలిపోనారే అమ్మీ. నువ్వొచ్చి ఆ పుస్తకం బీరువా సూసుకోవాల" అంది. భర్త పోయిన పూటే పుస్తకం సంగతి తలుచుకునే ఇల్లాలు మరొకరు ఉంటారని నేననుకోను.

మీలో చాలామందికి మాస్టారు తెలిసుండరు, పుస్తకమూ తెలిసుండదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక సూఫీ జ్ఞాని శిష్యులకు చెప్పిన మాటలవి. ఫార్సీలో చేత్తో రాసిన పాత ప్రతి. గురువారాలు బజారులో దుకాణాలకు సాంబ్రాణి పొగ వేస్తూ తిరిగే ఒక ముసలి సాహెబు దగ్గర ఉండేది. వరి, నువ్వులు పండించుకునే ఇంట్లో పుట్టిన మాస్టారు, నలభై దాటాక ఆయన ముందు కూర్చుని అలిఫ్ బే అక్షరాల నుంచి ఫార్సీ నేర్చుకున్నారు. బళ్లో తోటి పంతుళ్లు నవ్వితే, "కుడి నుంచి ఎడమకి రాస్తే లెక్క తప్పుతాదేటి?" అనేవారట. సాహెబు పోయే ముందు పుస్తకం ఈయన చేతిలో పెట్టారు. అప్పటికే దాన్ని పురుగు చాలాచోట్ల తినేసింది.

తెలుగులో పెట్టడానికి పాతికేళ్లు పట్టింది. చూపు మందగించాక, చిత్తు ప్రతులు శుభ్రంగా ఎత్తిరాయడానికి నన్ను పిలిచారు. నేను తెలుగు టీచర్ని. నా దస్తూరీ మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మాస్టారి పద్ధతి ఒకటుంది. పురుగు తిన్నచోట స్కేలు పెట్టి కొలిచి, తెలుగులోనూ అంతే ఖాళీ వదిలేవారు. చదివేటప్పుడు అక్కడ ఆగాలి. గురువారం సాయంత్రాలు అరుగు మీద నేను చదువుతుంటే పదిమంది వినేవారు. మొదట్లో అలా ఆగాల్సి వస్తే నాకు ఒళ్లు మండేది. పోనుపోను, ఆగిన చోటే ఒళ్లు జలదరించేది. అన్ని వందల ఏళ్ల అవతల ఒక మనిషి ఏదో చెప్పబోతున్నాడు, ఇవతల గజపతినగరంలో మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అంత పెద్దదాని ముందు నేనెప్పుడూ కూర్చోలేదు.

"మనకి తెలీనిది కూడా ఆయన సొత్తే అమ్మీ. ముట్టుకోకు" అనేవారు మాస్టారు.

నేను ముట్టుకున్నాను. మా తమ్ముడు చనిపోయిన ఏడాది అది. ఎత్తిరాస్తుంటే ఒక వాక్యం వచ్చింది: 'అయినవాణ్ణి పోగొట్టుకున్నవాడు వచ్చి దారి అడిగితే నేను'. ఆ తర్వాత నాలుగు వేళ్ల ఖాళీ. ఆ వాక్యం అలా సగంలో నిలబడి ఉంటే భరించలేకపోయాను. 'అతనితో కొంత దూరం నడుస్తాను' అని పూరించేశాను. గురువారం ఆగకుండా చదివేశాను. వినేవాళ్లలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా.

మాస్టారు చెయ్యెత్తారు. "అక్కడ ఖాళీ ఉండాలి కదేటి?"

"నేనే రాశాను మాస్టారూ. బాగులేదా?"

"బాగున్నాది. అదే నా బయ్యం. బాగున్న అబద్దాన్ని రేపు ఇంకెవుడూ తియ్యడు."

బ్లేడు తెప్పించి నా చేతికే ఇచ్చారు. కాగితం చిరగకుండా నా రాతను అందరి ముందూ నేనే గీకాను. అవమానం. మూడు నెలలు ఆ గడప తొక్కలేదు. చివరికి వాళ్లావిడే మా ఇంటికొచ్చి, "ఒసే, ఇంకెవులి సేతా సదివించటం నేదు ఆయన. రోజూ కుర్సీ ఏసుకుని కూకుంతన్నారు" అంది. ఆవిడ వెనకే వెళ్లాను. మాస్టారు కుర్చీలోనే ఉన్నారు. "ఎక్కడ ఆపేం?" అన్నారు, అంతే.

దినం అయ్యాక బీరువా తీశాను. వేపాకు, కర్పూరం వాసన. నోటు పుస్తకాలన్నీ వరసగా ఉన్నాయి. చెయ్యి దానంతటదే ఆ పేజీకి పోయింది. గీకి పల్చబడ్డ చోటు పక్కన, అంచులో, పెన్సిల్ రాత కనిపించింది. మాస్టారిదే. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి, వంకరగా పోయాయి.

"నువ్వు రాని రోజుల్లో రాసినారే" అంది వాళ్లావిడ. " పేజీ తీసి నానే సెయ్యెట్టి సూపించినాను. పెన్నిత్తే వద్దన్నారు. రుజువు దొరికినోడు సెరుపుకోవాల, పెన్సిలే తే అన్నారు."

ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. 'మా అమ్మీ ఇక్కడ, అతనితో కొంత దూరం నడుస్తాను అనుకుంది. రుజువు లేదు. నాకు మాత్రం'

అక్కడికి కాగితం అయిపోయింది. అంచు కనపడక చెయ్యి దాటిపోయినట్టుంది. మిగతాది ఏ బల్ల మీద పడిందో.

ఆ పేజీ ఎత్తిరాయడానికి నిన్న కూర్చున్నాను. అక్కడ ఎంత ఖాళీ వదలాలో తెలియలేదు. స్కేలు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.