లారీకి నేను పెట్టిన కన్నం

2005లో గాజువాకలో మా మనవడు కొనబోయిన పాత పికప్ వ్యాను అడుగు నుంచి కొత్త నల్లరంగు వాసన వచ్చింది. వెంటనే నా తొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

చేపలు సంతలకు తోలడానికి మా అయ్య ఒక పాత లారీ బేరమాడాడు. ఉన్న ఒక్క పడవ అమ్మిన డబ్బంతా దానికే. ఆయన లారీ ఆసామితో మాట్లాడుతుంటే నేను లారీ కిందికి దూరి, ఛాసిస్ అనే అడుగు చట్రం మీద ఉబ్బిన కొత్త నల్లరంగును పిన్నీసుతో గోకాను. తుప్పు పెచ్చుగా ఊడి రెండంగుళాల కన్నం పడింది. లారీని పాడుచేసేశానని హడలిపోయి, తడిమట్టితో పూడ్చేశాను. కానీ అయ్య డబ్బు మూట విప్పుతుంటే ఏడుపు ఆగలేదు.

“అయ్యా, లారీకి కన్నం ఎట్టీసినాను. మట్టితో కప్పీసినాను.”

అయ్య వంగి చూశాడు. వేలితో నొక్కితే మరో చోట ఇనుము అప్పడంలా విరిగింది. మూట మళ్లీ కట్టేశాడు.

“నన్ను కొట్టకు అయ్యా!”

“నిన్నెందుకు కొడతానే అమ్మీ? ఆ ఆసామీ నీలాగే కప్పెట్టినాడు, తుప్పు మీద రంగేసి. నువ్వు సెప్పినావు, ఆడు సెప్పనేదు. అంతే తేడా.”

ఆయన ఆ రోజు ఒక్క దెబ్బ వేసి ఉంటే, ఆ తర్వాత ఏ తప్పూ ఎవరికీ చెప్పుకునేదాన్ని కాదు.