సందు లేకుండా నింపిన గుంత

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, ఎండాకాలంలో నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. అంటే సైటులో ఉండే అసిస్టెంట్ ఇంజనీరుకూ ఆఫీసులో ఉండే పెద్ద ఇంజనీరుకూ మధ్య నిలబడి ఇద్దరి విసుగూ భరించేవాడు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. అప్పటిదాకా నేను కట్టించినవి బడి గదులు, ఆసుపత్రి వార్డులు, నీళ్ల ట్యాంకులు. కడపలో చేరిన వారానికే పిల్లల క్రీడా భవనం ఒకటి నాకు అప్పగించారు. గోడలు, కప్పు అప్పటికే పూర్తయ్యాయి. మిగిలింది జిమ్నాస్టిక్స్ హాలులో ఫోమ్ గుంత.

అదేమిటో నాలాగే చాలామందికి తెలియకపోవచ్చు. పల్టీలు కొత్తగా నేర్చుకునే పిల్లలు తప్పుగా పడినా దెబ్బ తగలకుండా కట్టే గుంత అది. నేలలో ఆరడుగుల లోతున తొట్టి కట్టి, గోడలకు మెత్తలు తొడిగి, అడుగున దళసరి ఫోమ్ పరుపు వేస్తారు. దాని మీద జానెడు పొడవూ జానెడు వెడల్పూ ఉండే ఫోమ్ ముక్కలు నింపుతారు. పిల్ల తలకిందులుగా పడినా సరే, ముక్కలు పక్కకు జరిగి దారి ఇస్తాయి. అవి అలా జరగడంలోనే పడిన వేగం తగ్గిపోతుంది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు ఇందులో సగం కూడా తెలియదు.

డ్రాయింగుతో పాటు వచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది: ముక్కలను వదులుగా, వరస లేకుండా నింపవలెను. చదివి నవ్వుకున్నాను. వదులుగా చేయమని చెప్పిన కాగితాన్ని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. మట్టి పోస్తే దిమ్మిస కొట్టించాలి. కాంక్రీటు పోస్తే వైబ్రేటరు పెట్టించాలి. రాయికీ రాయికీ నడుమ సందు కనిపిస్తే పీకించి మళ్లీ కట్టించాలి. మా వృత్తిలో సందంటే లోపం. ఎవరో బద్ధకంగా రాసి పడేశారనుకుని పేజీ తిప్పేశాను.

గుంత పని చేసినవాడు హుసేనప్ప. బనగానపల్లె వైపు నుంచి వచ్చిన బేల్దారి మేస్త్రీ. నాపరాయి గోడ కడితే తాడు పెట్టి చూడాల్సిన పని లేదు, అంత తిన్నగా వచ్చేది. ఫోమ్ ముక్కల మూటలు దిగిన రోజు నా దగ్గరికి వచ్చి, "సార్, ఇవి ఎట్ల ఎయ్యమంటారు? ఊరికే కుమ్మరించేదా, పేర్చేదా?" అని అడిగాడు. ప్రారంభోత్సవం తేదీ కోసం పై ఆఫీసు వాళ్లు ఫోనులో నన్ను తొందరపెడుతున్నారు. ఫోను చేత్తో మూసి, "ఇన్నేండ్ల మేస్త్రీవి, నీకు నేను చెప్పాల్నా? నీటుగా ఉండాల. యాడా సందు కనపడకూడదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

హుసేనప్ప నాలుగు రోజులు శ్రద్ధగా పనిచేశాడు. రాతి గోడ కట్టినట్టే కింది వరస అతుకు మీద పై వరస ముక్క నడుమ భాగం వచ్చేలా పేర్చాడు. ఒక్కో వరసలో పట్టేదాని కన్నా నాలుగైదు ముక్కలు ఎక్కువ కూరి, చెక్క సుత్తితో తట్టి బిగించాడు. నేను వెళ్లి చూసేసరికి గుంత పైభాగం కొత్తగా పరిచిన బండల నేలలా చదునుగా ఉంది. "గుండుసూది గూడ దూరదు సార్" అన్నాడు. నిజంగానే దూరదు. నాకు ముచ్చటేసింది. ఎం.బుక్కులో, అంటే జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకంలో, పని తృప్తికరం అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున కోచ్ రూతమ్మ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. కమలాపురం దగ్గర పల్లె ఆమెది. తల్లిదండ్రులు కూలి పనులు చేసి చదివించారు. ముప్పై నాలుగేళ్లున్నా పిల్లలతో సమానంగా పల్టీలు కొట్టేది. ఎక్కడైనా సరే, తాను దూకి చూడనిదే పిల్లలను దూకనిచ్చేది కాదట. గుంత అంచున నిలబడి పాదంతో నొక్కి చూసి మొహం చిట్లించింది.

"ఇదేంది సార్, శానా గట్టిగా ఉండాది. నేను చూసిన గుంతలు ఇట్ల లేవే. ఇసక మూట ఒకటి పైనుంచి యేసి చూద్దామా?"

నాకు ఒళ్లు మండింది. నిన్ననే సంతకం పెట్టిన పనిని ఈమె పరీక్ష పెడతానంటుందా అనిపించింది. ఇది ఫోమ్ కదమ్మా, రాయి కాదు కదా, ఇసక చిందితే మళ్లీ ఎవరు శుభ్రం చేస్తారు, ఎల్లుండి ప్రారంభోత్సవం అని దులిపేశాను.

ఆమె వెనక శిరీష నిలబడి ఉంది. బద్వేలు పిల్ల, పదేళ్లుంటాయి. చేతులకు సుద్దపొడి పూసుకుని సిద్ధమైంది. ప్రారంభోత్సవంలో మొదటి పల్టీ ఆ పిల్లది. గాల్లో తిరిగి వీపు మీద పడాలి. రూతమ్మ ఆ పిల్ల భుజం పట్టి ఆపి, "ఉండు పాపా, ముందు నేను" అంది. గుంత అంచున ఉన్న ఎత్తు బల్ల ఎక్కి, కాళ్లు ముందుకు చాపి, కూర్చున్న భంగిమలో గుంతలోకి దూకింది.

దబ్బున చప్పుడైంది. ఫోమ్ మీద మనిషి పడితే అలాంటి చప్పుడు రాకూడదు. ఆ మాత్రం నాకు కూడా ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆమె లోపలికి దిగలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే కాస్త కిందికి అణిగి, మళ్లీ పైకి లేచి, పక్కకు ఒరిగిపోయింది. నోరు తెరిచింది గానీ కేక రాలేదు. కళ్లు మాత్రం నా వైపే చూస్తున్నాయి. నేను కొయ్యబారిపోయాను. ముందుగా పరుగెత్తింది హుసేనప్ప. "అక్కా, కాళ్లు ఆడతాండాయా? కాళ్లు ఆడించక్కా!" అని అరుస్తూ ఆమె పక్కన మోకరిల్లాడు. ఆమె కాలి బొటనవేలు కదిలింది.

అంబులెన్సు వెళ్లిపోయాక గుంత దగ్గరికి వచ్చి రెండు ముక్కల మధ్య వేలు పెట్టి చూశాను. దూరలేదు. నా పక్కనే శిరీష అదే గుంతను చూస్తూ నిలబడి ఉంది. రూతమ్మ ఆపకపోతే ఈ పాటికి ఆ పిల్ల మెడ ఏమై ఉండేదో అనుకుంటూ గోడ పట్టుకుని కూర్చున్నాను.

రూతమ్మ నడుము దగ్గర వెన్నుపూస ఒకటి నలిగిందని డాక్టర్లు చెప్పారు. నడుస్తుంది, కానీ ఇక దూకకూడదు. సాయంత్రం పెద్ద ఇంజనీరు వచ్చి ముక్కలు ఇలా పేర్చమన్నది ఎవరని నిలదీశారు. హుసేనప్ప తల వంచుకుని, "నేనే సార్. నాకు తెలీక పేర్చినా" అన్నాడు. ఆ మనిషి నన్ను కాపాడుతున్నాడు. అంతకన్నా దిగ్భ్రాంతి కలిగించింది నా మౌనం. వెంటనే నోరు విప్పలేదు నేను. పెద్ద ఇంజనీరు రెండోసారి తిట్టడం మొదలుపెట్టాక, సందు లేకుండా నింపమన్నది నేనేనని, ఇసక మూట వద్దన్నదీ నేనేనని చెప్పాను. అదే మాట కాగితం మీద రాసి ఇచ్చాను. దానికి రావలసిన శిక్ష నాకు వచ్చింది.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. వరసలన్నీ పీకించి, ముక్కలను గంపలతో ఎత్తి గుంతలోకి ఇష్టం వచ్చినట్టు కుమ్మరించాం. కొన్నాళ్లకు అణుగుతాయి కాబట్టి అంచుకు పైదాకా నింపాం. అయినా హాలులో నా ఎత్తున ఒక కుప్ప మిగిలిపోయింది. గుంతలో సందులు ఉంటాయన్న ఆలోచనే లేకుండా నేను లెక్క కట్టి తెప్పించిన ముక్కలవి. ఈసారి ఇసక మూట నేనే మోసుకొచ్చి బల్ల మీది నుంచి వదిలాను. మూట కనిపించకుండా లోపలికి దిగిపోయింది. అలాగే పదిసార్లు వదిలించి, ప్రతిసారీ ఎంత లోతుకు దిగిందో కొలిచి రాయించాను.

మూడు నెలల తర్వాత రూతమ్మ నడుముకు బెల్టు కట్టుకుని వచ్చి అంచున కుర్చీ వేయించుకుంది. ఈసారి పిల్లల కన్నా ముందు దూకి చూసేవాళ్లు లేరు. శిరీష బల్ల ఎక్కి వెనక్కి తిరిగి చూసింది. రూతమ్మ తల ఊపింది. పిల్ల గాల్లో ఒక చుట్టు తిరిగి పడి, ముక్కల్లో పూర్తిగా మునిగిపోయింది. చప్పుడే లేదు. హుసేనప్ప అప్పటికే ఒక కాలు గుంతలో పెట్టేశాడు. అంతలో ముక్కల మధ్య నుంచి ఒక చెయ్యి, ఆ వెనకే నవ్వుతున్న మొహం బయటికి వచ్చాయి.

ఆ తర్వాత సర్వీసులో ఉన్న కాలమంతా, నాకు తెలియని పనిని తెలిసిన పనిలాగా చూడలేదు. వాడబోయేవాళ్లు పరీక్షించమని అడిగితే, ముందు పరీక్షించి ఆ తర్వాతే సంతకం పెట్టాను. నేను నేర్చుకున్నది ఇంతే. ఇది ఆ కాగితంలోని ఒక్క వాక్యాన్ని నమ్మి ఉంటే ఎవరికీ దెబ్బ తగలకుండానే తెలిసి ఉండేది. రూతమ్మ ఇప్పటికీ ఆ హాలులో పిల్లలకు నేర్పుతోంది. దూకి చూపించదు. కుర్చీలో కూర్చుని, ఎలా దూకాలో నోటితో చెబుతుంది.