ఒకే కారుని ఒకే ఇంటికి రెండుసార్లు అమ్మిన వైనం

ఒకే కారుని ఒకే మనిషికి రెండుసార్లు అమ్మి, రెండుసార్లూ చెడగొట్టుకున్న ఘనుణ్ని మీరు చూసి ఉండరు. చూడాలని ఉంటే భవానీపురం వచ్చి మా ఇల్లు అడగండి, కాఫీ కూడా ఇస్తాను. కొన్నేళ్ళ కిందటి నన్ను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది గానీ, ఆ కథలో మా ఆవిడ వసంత ఉంది కాబట్టి పదిమందికీ చెప్పబుద్ధవుతుంది.

నేను విజయవాడలో ఒక ఫర్నిచర్ షోరూంలో సేల్స్ మేనేజర్ని. ఖరీదైన సోఫా కొన్న ప్రతివాడికీ ఇంటికెళ్ళాక దిగులు పట్టుకుంటుంది. తొందరపడ్డామేమో, పక్కవీధిలో ఇంతకంటే మంచిది దొరికేదేమో అని అదే సోఫాలో కూర్చుని కుమిలిపోతాడు. ఆ దిగులు పోగొట్టే విద్యని కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేది నేనే. మర్నాడే ఫోన్ చెయ్యాలి, వస్తువు ఎలా ఉందని ఆప్యాయంగా అడగాలి, మంచి బేరం చేశారని మెచ్చుకోవాలి. బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేవాణ్ని. ఈ విద్యలో నన్ను మించినవాడు బెజవాడలో లేడని నా గట్టి నమ్మకం.

వసంత అప్పట్లో మా పాపని చూసుకుంటూ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి కొని, వీధి చివర చిన్న షాపు పెట్టుకోవాలని దాని కోరిక. ఆ మిషన్ కోసం మా ఎర్ర కారు అమ్మేద్దామన్నది నేనే. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ఇక ముందు నన్ను మెచ్చుకోవడానికి మీకు ఇంకో అవకాశం దొరకదు.

కారు చూడ్డానికి హనుమాన్ జంక్షన్ నుంచి సాంబశివరావు గారని ఒకాయన వచ్చారు. చేపల మేత వ్యాపారం. వెంట వాళ్ళమ్మ నాగరత్నమ్మ గారు. ఆయన ఇంజను చూశారు, టైర్లు చూశారు, కాగితాలు చూశారు. ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని నా మొహమే చూశారు. మా వైపు అంతేనండీ. పాత వస్తువు కొనేటప్పుడు ఇచ్చేవాళ్ళు మనసారా ఇస్తున్నారా లేదా అన్నది పెద్దవాళ్ళు కనిపెడుతూ ఉంటారు. ఏడుస్తూ ఇచ్చింది అచ్చిరాదంటారు. ఈ సంగతి నాకు తెలియదనుకోకండి, పుట్టి పెరిగింది ఇక్కడే.

అంతా తెలిసి కూడా ఏం చేశానంటే, బేరం కుదిరి, డబ్బు బ్యాంకులో పడి, సంతకాలయ్యి, తాళం ఆయన చేతిలో పెట్టాక, బానెట్ మీద చెయ్యి వేసి "వెళ్ళిరా నాన్నా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. మా ఇంట్లో ఎవరైనా పోయారేమోనని ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. కారులో ఒక కాలు పెట్టిన నాగరత్నమ్మ గారు ఆ కాలు వెనక్కి తీసేసుకున్నారు. కొడుకు బతిమాలి ఎలాగో ఎక్కించుకుని వెళ్ళాడు. వసంత ఆ సాయంత్రమే మిషన్‌కి డబ్బు కట్టేసింది.

వాళ్ళు గన్నవరం చేరేసరికి పంక్చరైంది.

మర్నాడు నేను నా విద్యకి పదును పెట్టి ఫోన్ చేశాను. బండి ఎలా ఉందండీ అంటే, పంక్చరైందండీ అన్నారాయన. కంగారులో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఇంకేం కాలేదు కదా?"

ఆయన టక్కున ఫోన్ పెట్టేశారు. దిగులు ముదిరిందనుకుని మోతాదు పెంచాను. రోజూ ఫోన్ చేశాను. బ్రేకులు పడుతున్నాయా అని ఒకరోజు, ఏసీ చల్లగా వస్తోందా అని ఒకరోజు, హైవే ఎక్కినప్పుడు జాగ్రత్తండీ అని ఇంకోరోజు. సోఫా కొన్నవాడికి ఇవి అమృతంలా పనిచేస్తాయి. సోఫా హైవే ఎక్కదన్న సంగతి నాకు తట్టలేదు.

చివరికి ఆయనే ఫోన్ చేశారు.

"ఏమనుకోకండి సార్, మా అమ్మ బండి ఎక్కనంటోంది. నన్నూ ఎక్కనివ్వటం లేదు. అమ్మినాయన ఏడ్చాడు, పైగా రోజూ ఫోన్ చేసి ఇంకేం కాలేదా అని అడుగుతున్నాడు, ఏదో అవుద్దని ఆయనకి ముందే తెలుసు అంటంది. బండి వెనక్కి తీసేసుకోండి."

ఆ మాట విని వసంత మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ అలాగే వదిలేసి కూర్చుండిపోయింది. కొత్త మిషన్‌కి కట్టిన డబ్బు తిరిగి రాదు. షాపు అడ్వాన్సూ ఇచ్చేశాం. కారు వెనక్కి వస్తే వాళ్ళ డబ్బు ఇవ్వాలి, అంటే షాపు మాట మర్చిపోవాలి. ఇంకొకరైతే నన్ను ఉతికి ఆరేసేవాళ్ళు. వసంత లేచి షాపు కాగితం మడిచి బీరువాలో పెట్టేసింది. అదే ఎక్కువ బాధేసింది. నేను రోషంగా లేచి, నేనే వెళ్ళి ఈసారి నవ్వుతూ ఇచ్చి వస్తానన్నాను. వసంత నావైపు చాలాసేపు చూసి, "కొంచెం నవ్వండి చాలు. నేనూ వస్తాను" అంది.

బస్సులో దారిపొడుగునా కిటికీ అద్దంలో చూసుకుంటూ నవ్వు సాధన చేశాను. పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్ళిపోయాడు.

వాళ్ళ వాకిట్లో కారుంది, చుట్టాలున్నారు, అరుగు మీద నాగరత్నమ్మ గారున్నారు. సాంబశివరావు గారు తాళం నాకిచ్చారు. నేను దాన్ని కళ్ళకద్దుకుని, ఆయనకి తిరిగిస్తూ నవ్వాను. కొంచెం అనుకున్నది నా చేతుల్లో లేకుండా పోయింది. కడుపు పట్టుకుని నవ్వాను. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. నాకు దాని మీద మమకారం బొత్తిగా లేదని రుజువు చెయ్యడానికి, "హాయిగా తీసుకోండి సార్, మాకు పీడా విరగడైంది" అన్నాను.

నాగరత్నమ్మ గారు కొడుకు వంక తిరిగారు.

"విన్నావా? ఆయన నోటితోనే చెప్పాడు."

నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. వసంత మాత్రం వెళ్ళి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుంది. మీ భయం ఏమిటి పిన్నిగారూ అని అడిగింది. ఇన్ని ఫోన్లు చేసి కూడా నేను అడగనిది ఆ ఒక్క ప్రశ్నే. ఆవిడ కాసేపు పైట చెంగు మెలేసి, భర్త ఈ హైవే మీదే పోయారని, కొడుకు రోజూ తెల్లారేసరికి ఇదే రోడ్డెక్కుతాడని చెప్పారు.

"బండి సంగతి నాకేం తెలుస్తుందమ్మాయ్. మనిషి మొహమే తెలుస్తుంది. మీ ఆయన మొహం చూస్తే నాకు గుండె దడగా ఉంది."

నవ్వినందుకు సిగ్గుతో నా తల వాలిపోయింది. వసంత ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వద్దంటే ఇప్పుడే తీసుకెళ్ళిపోతాం పిన్నిగారూ. మీ డబ్బు నేను మిషన్‌కి కట్టేశాను, తిరిగివ్వడానికి టైం పడుతుంది, కానీ ఇస్తాను. ఉన్న సంగతి వినండి. ఈయన ఏడ్చింది మా పాపని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఈ కారులోనే గనక. రోజూ ఫోన్ చేసింది షోరూంలో అది అలవాటు గనక. ఇవాళ నవ్వింది మీ భయం పోవాలని. ఈయనకి ఏదీ సరిపడా చెయ్యడం రాదు. మీకు నమ్మకం ఉన్న మెకానిక్‌కి చూపించండి, ఆయన ఏది మార్చమంటే అది మార్పిస్తాను. ఆ తర్వాతే మీవాణ్ని ఎక్కనివ్వండి."

నాగరత్నమ్మ గారు చాలాసేపు వసంత మొహం చూశారు.

"నువ్వు ఇష్టంగానే ఇస్తన్నావా?"

"కష్టంగానే ఉంది పిన్నిగారూ. కానీ ఇష్టంగానే ఇస్తున్నాను."

ఆవిడ రెండు చేతులూ చాపారు. వసంత సాంబశివరావు గారి దగ్గర్నుంచి తాళం తీసుకుని ఆ చేతుల్లో పెట్టింది. బోర్డు మీద నేనిన్నేళ్ళూ గీసిన బొమ్మలన్నీ చెరిపేసి, మా ఆవిణ్ని తీసుకెళ్ళి షోరూంలో నిలబెట్టాలనిపించింది. అంత నిజం చెప్పి, పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఒక వస్తువు అమ్మడం నేనెక్కడా చూడలేదు. నాకు మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి, బండి వెనక్కి వెళ్ళి తుడుచుకున్నాను.

మెకానిక్ చూసి ఒక బెల్టు మార్చమన్నాడు, మార్పించాం. వసంత షాపు తెరిచింది. కొన్నాళ్ళకి వసంతకి నాగరత్నమ్మ గారి ఫోను. కారు బ్రహ్మాండంగా అచ్చొచ్చిందట, ఆవిడే ముందు సీట్లో కూర్చుని అన్ని పెళ్ళిళ్ళకీ తిరుగుతున్నారట. ఇప్పుడు వాళ్ళ పాత ట్రాక్టర్ అమ్ముతున్నారట, కొనేవాళ్ళు ఆదివారం వస్తున్నారట.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్. నువ్వొచ్చి తాళం ఇవ్వాలి."

నేను పక్క నుంచి, నన్నూ రమ్మన్నారేమో కనుక్కోమన్నాను. నా గొంతు అవతలికి వినిపించినట్టుంది.

"రమ్మను. కొనేవాళ్ళు వెళ్ళిపోయాక, భోజనానికి."

అందుచేత, ఇదిగో మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఇంట్లోంచి పాత పేపర్లు అమ్మినా సరే, తూకం పూర్తయి, బండి వీధి మలుపు తిరిగేదాకా నేను ఏడవను, నవ్వను, ఎవరికీ ఫోన్ చెయ్యను. డాబా ఎక్కి, గోడవైపు తిరిగి కూర్చుంటాను.