టేకు చెట్టును తిరగేసి చదివాను

వాతావరణ శాస్త్రానికి నా ఒక్కదాని వల్ల జరిగిన నష్టం గురించి చెబుతాను, వినండి. మే నెలలో, కరెంటు పోయిన హాల్లో, చెమటలు కారుతున్న జనం ముందు నిలబడి "మన ఖమ్మం ఏటికేడు చల్లబడుతోంది" అని ప్రకటించిన ఘనురాలిని నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే కాస్త నవ్వేసుకోండి, తర్వాత ఊపిరాడదు.

అప్పుడు నేను పరిశోధన విద్యార్థినిని. టేకు మానులో ఏడాదికొక వలయం ఏర్పడుతుంది. అది వెడల్పుగా ఉంటే ఆ ఏడు చెట్టు హాయిగా బతికిందని, సన్నగా ఉంటే ఎండకు మాడిందని మా లెక్క. థర్మామీటర్ పుట్టని కాలపు ఎండలు కూడా అలా పట్టుకోవచ్చు. చెట్టును నరకక్కర్లేదు. బోలు బర్మాతో తొలిచి పెన్సిలంత పుల్లను బయటికి లాగితే చాలు.

భద్రాచలం అడవి అంచున, అనుమతితోనే, ఓ పెద్ద టేకును తొలిచాను. పుల్ల తీయగానే బెరడు వైపు కొసకు గుర్తు పెట్టాలని మా గైడు మేడం చెవినిల్లు కట్టుకుని చెప్పింది. సరిగ్గా అప్పుడే ఖమ్మం బస్సు హారన్ కొట్టింది. "గుర్తుదేముంది, ఇంటికెళ్లి పెట్టుకోవచ్చు" అనుకుని సంచిలో పడేసి పరుగెత్తాను. బస్సు కుదుపులకు ఆ కాస్త బెరడూ ఊడి పొడైపోయింది.

ఇంటికొచ్చి చూస్తే పుల్ల ఒక కొస తెల్లగా, ఇంకో కొస ముదురు గోధుమ రంగులో ఉంది. నా బుర్ర పాదరసంలా పరుగెత్తింది. లేతదేదైనా తెల్లగానే కదా ఉంటుంది? కాబట్టి తెల్లకొస చెట్టు బాల్యం! తెల్లచెక్క బెరడు పక్కన, చేవ లోపల ఉంటుందని టేకు తలుపులు కొన్న ఇంట్లో అందరికీ తెలుసు. మేం కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం, తలుపులు కొనలేదు. ఇప్పటికీ నా వాదన అదే.

కొలిచి గ్రాఫ్ గీశాను. వలయాలు రానురాను వెడల్పవుతున్నాయి. అంటే ఎండలు తగ్గుతున్నాయన్నమాట! "ఒక్క చెట్టు మాట నమ్మకు, నేనొచ్చి పుల్ల చూస్తా" అని సొంతూరికెళ్లిన మేడం ఫోన్‌లో మొత్తుకుంది. ఎవరు వింటారు? పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసే మా నాన్నతో నాకో ఒప్పందం ఉంది. మే నెలలో మా కాలేజీ పెట్టే సెమినార్‌లో మెప్పిస్తే చదువు సాగుతుంది, లేకపోతే నోరు మూసుకుని బీఈడీ.

సెమినార్ రోజు నేను "చల్లబడుతోంది" అనగానే, అట్టముక్కలతో విసురుకుంటున్న చేతులన్నీ ఆగిపోయాయి. వెనక వరుసలో నాన్న లేచాడు.

"బిడ్డా, చల్లబడ్తుందంటున్నవ్. మరి కూలర్ కొనమని నన్నెందుకు సతాయిస్తున్నవే?"

హాలంతా గొల్లుమంది.

"నీ చెమట సాక్ష్యం కాదు నాన్నా, చెట్టు సాక్ష్యం!"

"చెట్టు గట్ల చెప్పిందా?"

"అవ్, గట్లనే చెప్పింది!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను తొలిచిన టేకుకైతే ఆ మూడూ ఆకాశం వైపే. ఆ ఉదయమే ఊరి నుంచి దిగిన మేడం వేదిక ఎక్కి పుల్లను చేతిలోకి తీసుకుంది.

"బెరడు ఏవైపు?"

"ముదురు రంగు వైపు మేడం."

"అంటే ఈ చెట్టు బయట పుట్టి లోపలికి పెరిగిందా?"

సిగ్గుపడాల్సిన చోట నాకు రోషం పొడుచుకొచ్చింది. "అయితే గ్రాఫ్‌ను కుడి నుంచి ఎడమకు చదవండి మేడం!"

"అప్పుడు వేడెక్కుతోందని వస్తుంది."

"నేననేదీ అదే కదా!"

"ఇప్పటిదాకా చల్లబడుతోందన్నావు."

"ఇప్పటిదాకా మీరంతా అటునుంచి చూస్తున్నారు!"

"ఒక్క చెట్టుతో అదీ తేలదు. ముందు నువ్వు కూర్చో."

బయటికొచ్చాక నాన్న బండి స్టార్ట్ చేస్తూ తీర్పు చెప్పాడు. "ఇగ జల్దీ బీఈడీల జేరు."

నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఓడినట్టే కదా!

"జేరుత. టీచర్నయి జిల్లాల పిల్లలందరికీ గిట్లనే చెప్త. మంచిదేనా?"

నాన్న బండి ఆపేశాడు. ఆ పిల్లలందరూ కళ్లముందు కనిపించారేమో, వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు.

"వద్దు బిడ్డా. నువ్వు అడివికే పో. చెట్లు నోరులేనియి, ఓర్చుకుంటయ్."

అలా నా చదువు నిలబడింది. కాబట్టి గోదారమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ చెట్టు పుట్టుకనూ ముసలితనాన్నీ తారుమారు చేయను. చేస్తే గీస్తే కొత్త తప్పే చేస్తాను.