‘మన సంఘం’ అనే ప్రపోజల్

1963వ సంవత్సరం. దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన వారం. కరీంనగర్‌లో మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారి గదిలో ముగ్గురం కూర్చుని, మా తోటి లెక్చరర్లు రాసి ఇచ్చిన కాగితాలను ముందేసుకుని చదువుతున్నాం. అప్పటికి నేను లెక్కలు చెప్పే లెక్చరర్‌ని, ఆ కమిటీకి సెక్రటరీని కూడా. ప్రిన్సిపాల్ గారు కన్వీనర్, అంటే కమిటీ పెద్ద. మూడో ఆయన ఇంగ్లిషు లెక్చరర్. ఎవరు ఏమన్నా తల ఊపే మనిషి.

ఆ కమిటీ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. సైన్సు చదివే పిల్లలకు మనుషుల సంగతి, ఆర్ట్స్ చదివే పిల్లలకు సైన్సు సంగతి కొంతైనా తెలియాలని విశ్వవిద్యాలయం వాళ్లు తలచారు. దానికి జనరల్ ఎడ్యుకేషన్ అని పేరు పెట్టి, కాలేజీలే కొత్త కోర్సులు ఆలోచించి పంపండని సర్క్యులర్ పంపారు. కోర్సు చెప్పదలచినవారు ప్రపోజల్ రాయాలి. కోర్సు పేరు, ఉద్దేశం, వారానికి ఎన్ని గంటలు, ఏ పాఠాలు, ఏ పుస్తకాలు, పరీక్ష ఎలా పెడతారు, ఇవన్నీ అందులో ఉండాలి. కమిటీ చదివి మూడింట్లో ఒక మాట రాస్తుంది. ‘రికమెండెడ్’ అంటే పైకి పంపుతాం. ‘రెఫర్డ్ బ్యాక్’ అంటే దిద్దుకుని మళ్లీ తెమ్మంటాం. ‘నాట్ రికమెండెడ్’ అంటే అంతటితో సరి. మా మాటలన్నీ మినిట్స్‌గా రాసి, ఒక ప్రతి సిలబస్ నిర్ణయించే బోర్డుకు, ఒక ప్రతి హైదరాబాదులో మా శాఖ ఆఫీసుకు పంపాలి. ప్రపోజల్ పెట్టిన మనిషిని మాత్రం గదిలోకి పిలిచేవాళ్లం కాదు. ఎదురుగా ఉంటే మొహమాటం అడ్డొస్తుందని అప్పటి ఆనవాయితీ.

నేను పుట్టు అనుమానపు మనిషిని. తాళం వేసి రెండుసార్లు లాగి చూడందే గడప దిగను. అలాంటివాడికి ఈ పని అప్పజెప్పడం కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే అయింది. జంతుశాస్త్రం ఆయన ‘మన అడవులు’ అని ప్రపోజల్ పెడితే, ఆదిలాబాదు అడవి బంగళాల్లో సెలవులు గడపడానికి వేసిన ఎత్తు అనుకున్నాను. ఒకాయన వారానికి ఆరు గంటలు అడిగితే, క్లాసులు చాలక పోస్టు పోతుందని భయపడుతున్నాడని అనుకున్నాను. వీటిలో కొన్ని నిజమే అయ్యాయి కూడా. అదే నన్ను చెడగొట్టింది.

ఆ కట్టలో చివరిది సత్యనారాయణ గారిది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన ఎకనామిక్స్ లెక్చరర్. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. అంటే పనితీరు బాగుందని పైవాళ్లు రాస్తేనే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికి. భార్య, చిన్న కూతురు, మంకమ్మతోటలో ఒక అద్దె గది. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. అంత నవ్వు ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

ఆయన ప్రపోజల్‌లో రెండు కాగితాలున్నాయి. పైది ఇంగ్లిషులో ఒక్క పేజీ. మనం బతికే సొసైటీని పిల్లలు తెలుసుకోవాలని, మర్యాదగా, ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంది. కింద పెట్టిన తెలుగు కాగితానికి ‘మన సంఘం’ అని పేరు. ప్రతి విద్యార్థి తన ఊరికి పోయి పెద్దలను అడిగి రాసుకురావలసిన పది ప్రశ్నలు అందులో ఉన్నాయి. మీ ఊరి సంఘంలో ఎవరెవరు ఉన్నారు? సంఘానికి పెద్దలెవరు? సంఘం కట్టుబాటు దాటినవారికి శిక్ష ఏమిటి? గడచిన ఇరవై ఏళ్లలో సంఘంలో ఏ మార్పులు వచ్చాయి? ఊరు విడిచి పోయినవారెవరు, ఎందుకు పోయారు?

ఆ ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి చదివాను.

మా వైపు పుట్టినవారికి ఇంతకన్నా చెప్పనవసరం లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. నిజాం రోజుల్లో దొరల మీద, వెట్టి మీద ఊళ్లు లేచినప్పుడు దాన్ని మా జనం ‘సంగం’ అన్నారు. సంగపోళ్లు అంటే ఆ కొట్లాటలో ఉన్నవాళ్లు. తర్వాత ఎంతోమంది జైళ్లకు పోయారు, కొందరు అడవుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు, మిగిలినవాళ్లు నోరు కట్టుకుని పొలాలు దున్నుకుంటున్నారు. నేను చదివిందంతా ఉర్దూలో. తెలుగు నాకు ఇంటి భాషే తప్ప పుస్తకాల భాష కాదు. సొసైటీ అంటే నాకు సమాజం. సంఘం అంటే ఒక్కటే, సంగం. అక్షరానికి ఒత్తు పెట్టినంత మాత్రాన మాట మారుతుందా?

పైగా చైనాతో యుద్ధమై ఏడాదైనా కాలేదు. ఎర్ర జెండా వాసన తగిలిన ప్రతివారి వెనుకా ఎవరో ఒకరు తిరుగుతున్న రోజులు. సంఘంలో ఎవరెవరు, పెద్దలెవరు, పారిపోయిందెవరు అని ఊరూరా పేర్లు ఎవరికి కావాలి? పోలీసులకు కావాలి. సత్యనారాయణ గారు పోలీసుల మనిషి అని తేల్చేసుకున్నాను. ఇంగ్లిషు కాగితంలో సొసైటీ అని ఉంది కదా, రెండూ కలిపి చదవొచ్చు కదా అని మీరు అడగవచ్చు. కలిపే చదివాను. పైవాళ్లకు చూపించడానికి ఒక ముఖం, పిల్లల చేత పని చేయించుకోవడానికి ఇంకో ముఖం అని అర్థం చేసుకున్నాను.

ఇంత భయం నాకెందుకో కూడా చెప్పాలి. మా అన్న మల్లేశం సంగంలో ఉన్నాడు. ఊళ్ల మధ్య ఉత్తరాలు మోశాడు, రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత వేములవాడలో బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్నాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు నింపిన కాగితంలో, బంధువుల్లో అలాంటివారెవరైనా ఉన్నారా అనే గడిలో ‘లేరు’ అని రాశాను. ఏ పిల్లవాడైనా నోటు పుస్తకం పట్టుకుని మా ఊరికి పోతే మొదట రాసుకొచ్చే పేరు మల్లేశం. ఆ తర్వాత నా ఉద్యోగం ఉండదు.

కమిటీ రెండోసారి కూర్చోకముందే హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి ఓదెలు అనే రైతు నా దగ్గరికి వచ్చాడు. ఆయన కొడుకు మా దగ్గర బీఏ చదువుతున్నాడు. సత్యనారాయణ గారు మచ్చుకు చూద్దామని నలుగురు పిల్లలకు ఆ ప్రశ్నలు దసరా సెలవుల్లోనే ఇచ్చాడట. వాళ్లలో ఓదెలు కొడుకు ఒకడు. ఓదెలు స్టాఫ్ రూమ్ లోపలికి రాకుండా వరండాలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. చుట్టూ చూసి, మెల్లగా అడిగాడు.

“సార్, గీ సంగం ముచ్చట మల్ల ఎందుకు తీస్తున్నరు? మా పోరడు ఇల్లిల్లు తిరిగి ఎవలెవలు ఉండిరి, ఎవలు ఊరిడిచి పోయిరి అని అడుగుతుండు. ఒక్కలు నోరిప్పలే. పోరడు పోలీసోళ్లతోని కలిసిండని మాతోని మాట్లాడుడు బందు పెట్టిండ్రు.”

నాకు తెలియదు, కనుక్కుంటానన్నాను. ఆయన నమ్మలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూసి చెప్పులు వేసుకున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, రోజూ నేను ఇతరుల మీద పారేసేదే. నా మీద పడేసరికి ఒళ్లు మండింది. ఆ మంట కూడా తీసుకుపోయి సత్యనారాయణ గారి లెక్కలోనే వేశాను.

రెండో సమావేశంలో ప్రిన్సిపాల్ గారు, ఈ తెలుగు కాగితంలో ఏముందో చెప్పమన్నారు. ఆయన హైదరాబాదు మనిషి, తెలుగు చదవడం రాదు. సంగం గురించి ఊళ్లలో పేర్లు పోగుచేసే పని అని ఉర్దూలో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు నా భయం రాలేదు, ఇంకో భయం వచ్చింది. సంగం మళ్లీ లేపుతున్నాడా అన్నారు. ఏమో, నాకైతే అనుమానంగానే ఉందన్నాను. ఇంగ్లిషు లెక్చరర్ తల ఊపాడు. సత్యనారాయణ గారు ఆ గంటలో పక్క గదిలోనే పాఠం చెబుతున్నాడు. ఆయన గొంతు మాకు వినబడుతూనే ఉంది.

మినిట్స్ నేనే రాశాను. నాట్ రికమెండెడ్. సంగం సభ్యుల పేర్లు విద్యార్థుల ద్వారా సేకరించే ఉద్దేశం అనుమానాస్పదంగా ఉన్నది. ఆ కాగితం రెండు ప్రతులూ హైదరాబాదు పోయాయి. ఓదెలు కుటుంబాన్ని, మా అన్నను, నన్ను కాపాడుకున్నానని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

జనవరిలో మామూలు బట్టల్లో ఒకాయన కాలేజీకి వచ్చి నన్ను అడిగాడు. చెట్టు కింద నిలబడి జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. హైదరాబాదు పోయిన నా మినిట్స్‌లోని మాటలే.

“గీ సత్యనారాయణ సారు సంగం మల్ల పెడుతుండంట గద. మీరే రాసిండ్రు. ఇంక ఎవలెవలు ఆయన దిక్కు పోతుంటరు?”

అప్పుడు నాకు తెలిసింది. పోలీసుల మనిషి అని నేను ఎవరిని అనుకున్నానో ఆయన వెనుకే పోలీసులు పడ్డారు. వాళ్లకు కాగితం అందించింది నేను. కాలేజీలో ఎవరి పేరైనా పోలీసులకు రాసి ఇచ్చినవాడు ఉన్నాడంటే అది నేనొక్కడినే. ఏమీ తెలియదని చెప్పి, ఆ సాయంత్రం మంకమ్మతోటకు పోయాను.

సత్యనారాయణ గారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపడి చాప పరిచాడు. మూడు నెలల కింద అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. మీ కాగితంలో సంఘం అంటే ఏందండీ?

“సంఘం అంటే సొసైటీ అండి. ఇంగ్లిషులో రాశాను కదా. కులాలు, వృత్తులు, ఎవరు ఏ పని చేస్తారు, పని దొరక్క ఎవరు వలసపోయారు, అదీ.” తర్వాత ఆయనే అడిగాడు, “మీ వైపు ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉందా అండి?”

ఉందని చెప్పాను. మినిట్స్ సంగతి, పోలీసులు వచ్చిన సంగతి కూడా చెబుతుంటే ఆయన పేపర్లు పక్కన పెట్టి విన్నాడు. నలుగురు పిల్లలూ ఖాళీ నోటు పుస్తకాలు తెస్తే సోమరిపోతులని అందరి ముందూ తిట్టానన్నాడు. తర్వాత మినిట్స్ ఎవరు రాశారని అడగలేదు. తెలుసుననుకుంటాను. ప్రొబేషన్ మార్చితో అయిపోతుంది, ఆలోపు ఆ మాటకు అర్థం ఇదని ఒక ముక్క రాసి పంపగలరా అని మాత్రం అడిగాడు.

ప్రిన్సిపాల్ గారికి చెబితే, నీ పేరు మీద నువ్వు రాసుకో, అపార్థం ఎందుకు చేసుకున్నావని విచారణ వస్తే నువ్వే చెప్పుకో అన్నారు. విచారణ అంటే నా ఫైలు తెరుస్తారు. ‘లేరు’ అని రాసిన గడి చూస్తారు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని మూడు వారాలు గడిపాను. చివరికి రాశాను. ‘సంఘం అనగా సొసైటీ అని గ్రహించవలెను’ అని ఒక్క వాక్యం. దానికి జవాబు రాలేదు. అది పోయిన నాలుగో రోజు, సత్యనారాయణ గారి సేవలు ఇక అవసరం లేదని ఉత్తర్వు వచ్చింది. మూడు వారాల ముందు రాసి ఉంటే ఆగేదో లేదో నాకు తెలియదు. కాని రాయలేదు. బస్సెక్కేటప్పుడు ఆయన కూతురు ఎందుకు వెళ్తున్నామని అడుగుతూనే ఉంది. నేను సంచులు పైకి అందించాను.

తర్వాతి ఆదివారం వేములవాడ పోయి మా అన్నకు జరిగిందంతా చెప్పాను. నీ కోసమే భయపడ్డానన్నాను. ఆయన మిషను ఆపి, సూది కింది గుడ్డను అలాగే వదిలేసి నా వైపు తిరిగాడు.

“నన్ను అడగొద్దని నీకెవలు చెప్పిండ్రురా? పన్నెండేండ్లాయె. ఎవలన్న వచ్చి, మల్లన్నా, అప్పుడేమైంది చెప్పు అంటరేమో అని చూస్తనే ఉన్న. గా పోరగాండ్లు వస్తే నేను చెప్తుంటి. నా పేరు రాయుమంటుంటి. నాకేం భయం లేదు. నీకున్నది.”

నేను రిటైరయ్యేదాకా ఇలాంటి కమిటీలు ఎన్నింట్లోనో కూర్చున్నాను. నాట్ రికమెండెడ్ అని చాలాసార్లు రాశాను. కాని ప్రపోజల్ పెట్టిన మనిషిని పిలిపించి, ఎదురుగా కుర్చీ వేసి, ఈ మాటకు మీ అర్థం ఏమిటని అడగకుండా ఒక్కసారీ రాయలేదు. టైము దండగ అని తోటివారు విసుక్కునేవారు. అనుమానం ఉన్నవాడు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడని లోకం అనుకుంటుంది. నా అనుభవంలో అనుమానం ఉన్నవాడు అసలు అడగడు. జవాబు తనకు ముందే తెలుసనుకుంటాడు.

ఆ ఆదివారం మా అన్న ఆ మాట అన్నాక చాలాసేపు నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. బస్సు టైమైందని నేను లేచాను. ఆ తర్వాత ఆయన పదహారేళ్లు బతికాడు. పండుగలకూ పెళ్లిళ్లకూ కలిశాం, పక్కపక్కనే కూర్చుని తిన్నాం. అప్పుడేమైంది అని అడగడానికి తీరిక దొరకలేదని ఇంట్లో వాళ్లతో అంటుంటాను. అది నిజం కాదు.